కార్తెల సీమలో హైకూ

జపాన్‌లో బషో కప్ప మీద తన ప్రసిద్ధ కవిత రాసింది 1686లో. అప్పట్లో దాన్ని హొక్కు అనేవారు, గొలుసు కవితకు ఎత్తుగడ అది. దాన్ని విడదీసి, హైకూ అనే పేరుతో నిలబెట్టింది 19వ శతాబ్ది చివర్లో షికి. 1916లో జపాన్ చూసివచ్చిన టాగోర్ ఈ చిన్న కవితల గురించి బెంగాలీలో రాశారు. తెలుగులో హైకూ ఊపందుకుంది మాత్రం 1990ల్లోనే. గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ, బి.వి.వి. ప్రసాద్ దాన్ని మనవాళ్లకు దగ్గర చేశారు. కాకినాడలో తత్వశాస్త్రం బోధించిన ఇస్మాయిల్ తన హైకూలకు 'కప్పల నిశ్శబ్దం' అని పేరు పెట్టుకున్నారు.

5-7-5 అని అక్షరాలు లెక్కపెట్టడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. జపనీయులు లెక్కపెట్టేది అక్షరాలను కాదు. దీర్ఘం వాళ్లకు రెండు, హ్రస్వం ఒకటి. మన ఛందస్సులో దానికి దగ్గరగా ఉండేది మాత్ర. పదిహేడు మాత్రల్లో తెలుగు మాట ఊపిరాడక నలిగిపోతుంది. అందుకే లెక్క వదిలేసిన కవుల వైపే నేను.

వదలకూడనిది రుతువు. హైకూలో కాలాన్ని పట్టిచ్చే మాట ఒకటి ఉండాలని జపాన్ సంప్రదాయం. అలాంటి మాటల కోసం అక్కడ ప్రత్యేకంగా నిఘంటువులే ఉన్నాయి. బనగానపల్లె రైతుకు ఆ పని కార్తెలు చేసిపెట్టాయి. రోహిణికి రోళ్లు పగులుతాయి. ఆరుద్రకు ఎర్రని పురుగు నేల మీదికొస్తుంది.

నాపరాయి అంచు.
ఆరుద్ర పురుగు ఆగింది.
ఇంకా వేడి.

ఇక్కడ పురుగును మఖమల్ బొట్టుతో పోల్చాలని చెయ్యి లాగుతుంది. పోలిస్తే పాఠకుడు బొట్టును చూస్తాడు, పురుగు తప్పించుకుంటుంది. 'ఇంకా' అన్న మాటలోనే వాన పడి వెలిసిన సంగతీ, బండ చల్లారని సంగతీ ఉన్నాయి. అంతకు మించి చెబితే హైకూ చెడుతుంది.

యాగంటిలో కాకులు వాలవని, అది అగస్త్యుడి శాపమని మనవాళ్ల నమ్మకం. ఎండుకొమ్మ మీది కాకి బషోకు కవిత అయింది. యాగంటి కొండల్లో కనిపించని కాకి కూడా హైకూకు వస్తువే, రాసేవాళ్లుండాలి గానీ.

రాయలసీమకు తనదైన రుతుపదాల పుస్తకం కావాలి. ముంగారు, హింగారు, మామిడి పూత, బావి అడుగంటడం, ఇరవై ఏడు కార్తెలు. బడిపిల్లలతో కార్తెకొక హైకూ రాయిస్తే ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకానికి మొదటి ప్రతి సిద్ధమవుతుంది.