పొటాషియాన్ని నిలిపే మాత్ర, రక్తపరీక్షను మరచిన చరిత్ర



కాళ్ళకు, పొట్టకు నీరు పట్టినప్పుడు వైద్యులు వ్రాసే మాత్రలను మనవారు ‘నీటి మాత్రలు’ అంటారు. వైద్యశాస్త్రంలో వీటికి మూత్రకారకాలని పేరు. వాటిలో ఒక తెగ ఉప్పును, నీటిని వెళ్ళగొడుతుంది గాని పొటాషియాన్ని మాత్రం శరీరంలోనే నిలుపుతుంది. స్పైరనోలాక్టోన్, ఎప్లెరెనోన్, అమిలోరైడ్, ట్రయామ్టెరీన్ ఆ తెగకు చెందినవి. వీటి చరిత్ర తెలిస్తే, వీటిని వాడేవారికి రక్తపరీక్ష ఎందుకు తప్పనిసరో మీకే బోధపడుతుంది.

ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ఒంటి నీరు తీయడానికి పాదరసపు ఇంజక్షన్లు వాడేవారు. అవి పనిచేసేవి, కాని మూత్రపిండాలకు విషప్రాయం. 1950ల చివర క్లోరోథయజైడ్, 1960లలో ఫ్యూరోసెమైడ్ రావడంతో ఆ యుగం ముగిసింది. అయితే ఈ కొత్త మందులు సోడియంతో పాటు పొటాషియాన్ని కూడా మూత్రంలో పోగొడతాయి. రక్తంలో పొటాషియం బాగా తగ్గితే కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం మూత్రపిండాలపై కూర్చుని ఉండే చిన్న అడ్రినల్ గ్రంథుల పరిశోధనలో దొరికింది. 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలతో కలసి ఆ గ్రంథుల నుండి ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును వేరుచేశారు. మూత్రనాళికల చివరి భాగంలో సోడియాన్ని తిరిగి రక్తంలోకి చేర్చి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపడం దీని పని. 1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్, ఈ హార్మోను అతిగా స్రవించడం వలన రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోయిన 34 ఏళ్ళ మహిళను గూర్చి వివరించాడు. అడ్రినల్ గ్రంథిలోని కణితిని తొలగించగా ఆమె కోలుకున్నది.

హార్మోను పనిని మందుతో అడ్డగించవచ్చునన్న ఆలోచనతో సెర్ల్ సంస్థ రసాయనవేత్తలు స్పైరనోలాక్టోన్‌ను రూపొందించారు. ఆ దశాబ్దం ముగిసే సమయానికి అది వాడుకలోకి వచ్చింది. తరువాత వచ్చిన ట్రయామ్టెరీన్, అమిలోరైడ్ హార్మోనుతో నిమిత్తం లేకుండా నాళికలలోని సోడియం ద్వారాలనే మూస్తాయి. కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరినవారికి స్పైరనోలాక్టోన్ నేటికీ ముఖ్యమైన మందు. మూడు మందులు వాడినా లొంగని రక్తపోటుకు కూడా ఇది బాగా పనిచేస్తుందని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

దీని చరిత్రలో పెద్ద మలుపు 1999లో వచ్చింది. తీవ్రమైన గుండె వైఫల్యం గల 1,663 మందిపై బెర్ట్రమ్ పిట్ బృందం జరిపిన పరిశోధనలో, రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టిన ఈ మాత్ర మరణాలను 30 శాతం తగ్గించింది. పురుషులలో పదిమందిలో ఒకరికి రొమ్ములు పెరగడమో నొప్పి పుట్టడమో జరిగింది. పొటాషియం ప్రమాదకరంగా పెరగడం మాత్రం అరుదు. కారణం గమనించండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. చేరినవారికి మొదటి మూడు నెలలు నాలుగు వారాలకొకసారి రక్తపరీక్ష చేశారు.

ఆ ఫలితం వెలువడగానే వైద్యలోకం మాత్రను అందుకున్నది, పరీక్షను అంతగా అందుకోలేదు. కెనడాలోని ఒంటారియోలో గుండె వైఫల్యానికి చికిత్స పొందుతున్న వృద్ధుల వివరాలను జూర్లింక్ బృందం పరిశీలించి 2004లో ప్రకటించింది. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 మంది కాగా, 2001 నాటికి 11 మంది అయ్యారు. ఆ కారణంగా మరణాలు కూడా వెయ్యికి 0.3 నుండి 2కు పెరిగాయి. ఆ మందు అదే అయినా, దానిని కాపలా కాసే కన్ను లోపించింది.

ఈ కథ కెనడాది కదా అనుకోకండి. మన పెందుర్తికి ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఇంటింటి మాట. అక్కడ 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. చాలామందిలో కారణం తెలియదు, తొలిదశలో బాధా తెలియదు. పొటాషియాన్ని బయటకు పంపవలసినవి మూత్రపిండాలే. అవి చాటుగా చెడిపోయిన మనిషికి పొటాషియాన్ని నిలిపే మాత్ర ఇస్తే ఏమవుతుందో ఊహించండి.

పైగా మన అలవాట్లు కొన్ని దీనికి తోడవుతాయి. కొబ్బరి బొండం నీటిలో పొటాషియం మెండు. ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది. ఎండలో శ్రమించి ఒళ్ళు నొప్పులకు మింగే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మూత్రపిండాలను కుంగదీస్తాయి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచుతాయి. వీటిని స్పైరనోలాక్టోన్‌తో కలిపి వాడటం తప్పు కాదు, గుండె వైఫల్యంలో అవసరం కూడా. కాని పరీక్ష లేకుండా వాడటం ప్రమాదం.

రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 5.5 దాటితే మోతాదు తగ్గించాలి, 6 దాటితే మాత్ర ఆపి వెంటనే చికిత్స చేయాలి. ఎక్కువైనా చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరిలో గుండె ఆగిపోవడమే మొదటి లక్షణం. అందుచేత మాత్ర మొదలుపెట్టే ముందు, మొదటి వారంలో, నెల తిరిగేసరికి, ఆపైన మూడు నాలుగు నెలలకొకసారి పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే వైద్యుని సంప్రదించాలి.

పాత చీటీ చూపి మందుల షాపులో నెలల తరబడి ఈ మాత్రలు కొనేవారు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. మీ ఇంట్లో పెద్దల మందుల డబ్బా ఒకసారి తెరచి చూడండి. అందులో ఈ మాత్ర ఉంటే, చివరి రక్తపరీక్ష ఎప్పుడు జరిగిందో అడగండి. భయపడి మాత్రను మీ అంతట మీరు మానిపించవద్దు, దానివలన నీరు మళ్ళీ చేరవచ్చు. పరీక్ష చేయించి, ఆ కాగితంతో వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.