హైదరాబాద్‌కి కుటుంబంతో మారుతున్నారా? మొహల్లా ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి

కర్నూలు, కడప, గుంటూరు, ఖమ్మం, నిజామాబాద్ లాంటి ఊర్ల నుంచి హైదరాబాద్‌కి మారే ముస్లిం కుటుంబాలు ఎక్కువగా బంధువులున్న మొహల్లాలోనే ఇల్లు వెతుక్కుంటాయి. మసీదు, మక్తబ్, హలాల్ మాంసం దుకాణం దగ్గర్లో ఉంటాయి. పైగా కొన్ని ఏరియాల్లో టు-లెట్ బోర్డు వేలాడుతున్నా, పేరు చెప్పగానే "ఇల్లు ఇచ్చేశామండి" అనే జవాబు వస్తుంది. అందుకే తెలిసినవాళ్ల పక్కన ఉండాలనుకోవడం సహజం. కానీ 'మనవాళ్లున్నారు' అనే ఒక్క మాట మీద ఇల్లు కొనేస్తే వాన నీళ్లు, కాగితాల గొడవ, రోజూ తిరిగే దూరం తర్వాత బయటపడతాయి. ముందు అద్దెకి దిగి, ఒక వానాకాలం చూసి, ఆ తర్వాత కొనుక్కోవడం మంచిది.

దూరం లెక్క

తక్కువ అద్దె ఎప్పుడూ తక్కువ ఖర్చు కాదు. ఉదాహరణకి, దూరంగా ఉన్న ఇల్లు నెలకి రూ.3,000 తక్కువకి దొరికిందనుకుందాం. ఆఫీసుకి రోజూ అదనంగా రూ.60 చొప్పున 25 రోజులకి రూ.1,500. పిల్లల ఆటోకి రూ.1,500. మిగిలింది సున్నా. టైం వేరే పోతుంది.

మలక్‌పేట, నాంపల్లి, యూసుఫ్‌గూడలకి మెట్రో స్టేషన్ ఉంది. టోలిచౌకి, మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లకి మెట్రో లేదు, షేక్‌పేట ఫ్లైఓవర్ మీద రోడ్డు ప్రయాణమే. ఫలక్‌నుమా, యాకుత్‌పురా, డబీర్‌పురాలకి ఎంఎంటీఎస్ స్టేషన్లున్నాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆఫీసు టైంలో ఒకసారి వెళ్లొచ్చి చూసుకోవాలి.

వాన నీళ్లు ఎటు పోతాయి?

2020 అక్టోబర్ వానలకి టోలిచౌకిలోని నదీం కాలనీ, ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ మునిగాయి. చెరువు కిందో, నాలా పక్కనో ఇల్లు చౌకగా వస్తోందంటే కారణం అడగాలి. బ్రోకర్‌ని కాదు, కిరాణా కొట్టు ఆయన్ని, మసీదులో పెద్దవాళ్లని అడగాలి. గ్రౌండ్ ఫ్లోర్ గోడల మీద తేమ గీత ఉందేమో చూడాలి.

కొనేవాళ్లకి ఇంకో ముప్పు ఉంది. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులోనో, దాని చుట్టూ ఉండే బఫర్ జోన్‌లోనో కట్టిన ఇళ్లు కూల్చివేతకి గురయ్యే ప్రమాదం ఉంది. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక ఈ కూల్చివేతలు పెరిగాయి.

కాగితాలు

నోటరీ కాగితం మీద కొంటే చట్టప్రకారం హక్కు మారదు. రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉండాలి. ఈసీ తీయించాలి. సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడాలి. వక్ఫ్ భూమి అమ్మకం చెల్లదు. అనుమానం ఉంటే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో అడగొచ్చు.

వడ్డీ వద్దని చాలామంది బ్యాంకు లోన్ తీసుకోరు. లోన్ తీసుకుంటే బ్యాంకు లాయర్ కాగితాలన్నీ చూస్తాడు. నగదు పెట్టి కొనేవాళ్లకి ఆ పరీక్ష ఉండదు. కాబట్టి వాళ్లు సొంతంగా లాయర్‌కి ఫీజు ఇచ్చి చూపించుకోవాలి. ఊర్లో పొలం అమ్మి తెచ్చిన డబ్బుకి ఈ ఖర్చు చాలా చిన్నది.

నల్లా, కరెంటు

నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుందో కింటివాళ్లని అడగాలి. 2021 జనవరి నుంచి మీటరున్న ఇంటి కనెక్షన్‌కి నెలకి 20,000 లీటర్లు ఉచితం. ఇంటి ఓనర్ దాన్ని వాడుకుంటూ అద్దెవాళ్ల దగ్గర నీళ్ల డబ్బు వసూలు చేస్తున్నాడేమో తెలుసుకోవాలి. కరెంటు మీటర్ విడిగా ఉండాలి.

బడి, మక్తబ్, ఖబ్రస్తాన్

ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే పిల్లలకి కొన్ని ప్రైవేటు స్కూళ్లలో ఉర్దూ ఉండదు. ఉర్దూ కావాలంటే అడ్మిషన్‌కి ముందే అడగాలి. మైనారిటీ గురుకులాల్లో 5వ తరగతి నుంచి హాస్టల్‌తో సహా ఉచితం. సాయంత్రం మక్తబ్‌కి ఆడపిల్లలు నడిచి వెళ్లే దారిలో లైట్లు ఉన్నాయా, మసీదులో ఆడవాళ్లకి నమాజ్ చోటు ఉందా అన్నది ఇంటి ఆడవాళ్లే వెళ్లి చూడటం మేలు.

ఖబ్రస్తాన్ సంగతి ఎవరూ ముందు అడగరు. నగరంలో చోటు కొరత ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు కష్టకాలంలో తిరగాల్సి వస్తుంది. ముసలి తల్లిదండ్రుల్ని వెంట తెచ్చుకునేవాళ్లు మసీదు కమిటీ దగ్గర పేరు రాయించుకుని, బయటి ఊరివాళ్లకి ఎక్కడ చోటు ఇస్తారో కనుక్కోవాలి.

మారాక

11 నెలల అద్దె అగ్రిమెంట్ రాయించుకోవాలి, అడ్వాన్స్ ఎంతో అందులోనే ఉండాలి. ఆధార్‌లో అడ్రస్ మార్చాలి. ఓటు మార్చుకోవడానికి ఫారం 8 ఇవ్వాలి. బడికి టీసీ, ఆస్పత్రికి పాత రిపోర్టులు ఊరు వదిలే ముందే తీసుకుంటే మళ్లీ తిరిగే పని ఉండదు.