ఏథెన్సు, స్పార్టాల పోరునకు మూలమేమి?

క్రీ. పూ. 431లో ఏథెన్సు, స్పార్టా నగర రాజ్యముల నడుమ మొదలైన యుద్ధము, మధ్య కొన్నాళ్ళు సంధితో ఆగినను, 404 వరకు గ్రీకు దేశమును దహించినది. ఏథెన్సు చరిత్రకారుడు థూసిడిడీసు పైకి వినవచ్చిన తగవులు వేరనియు, అసలు కారణము వేరనియు వ్రాసెను. ఏథెన్సు బలము పెరిగినది, స్పార్టా భయపడినది. అయితే ఆ భయమెట్టిదో విచారింపక ఈ మాటను వల్లించుట చాలదని మా తలంపు.

తగవు పుట్టినది ఒక మూలనున్న ఊరిలో. ఎపిడామ్నసు ప్రజాపక్షమువారు, తాము వెళ్ళగొట్టిన ధనికులు మరల పైబడగా, తమ మాతృనగరమైన కోర్సైరాను వేడుకొనిరి. అది పెడచెవిని పెట్టగా, కోర్సైరాకే మాతృనగరమైన కొరింథును ఆశ్రయించిరి. తల్లి కాదన్న బిడ్డ అమ్మమ్మ యింటికి పోయినట్లన్నమాట! ఈ కలహమున క్రీ. పూ. 435లో కోర్సైరా చేత సముద్రముపై ఓడిన కొరింథు, పగబట్టి నావలు కట్టించసాగెను. కోర్సైరా ఏథెన్సును శరణు చొచ్చెను. 120 నావల బలము కొరింథు వశమగుట ఏథెన్సునకు సమ్మతము కాదు. 433లో మొదట 10 నావలను మాత్రమే పంపి, తప్పనిసరియైన గాని పోరవలదని ఆజ్ఞాపించినది. సిబోటా వద్ద ఆ తప్పనిసరి రానే వచ్చినది. పిమ్మట పొటిడియా ముట్టడి, మెగారా వర్తకులకు రేవుల నిషేధము.

స్పార్టా భయమునకు ఇంటిలోనే వేళ్ళున్నవి. పొలములు దున్ను హెలట్లను దాస్యమున నుంచిన రాజ్యమది. క్రీ. పూ. 464 నాటి భూకంపము పిదప వారు తిరుగబడగా, సాయము వచ్చిన ఏథెన్సు సేనను స్పార్టా అనుమానించి వెనుకకు పంపెను. ఇప్పుడు కొరింథు, మీరు కదలనిచో వేరు మిత్రులను వెదకికొందుమని బెదరించుచున్నది. మిత్రులు జారిపోయిన స్పార్టాకు మిగులునదేమి?

432 నాటి సభలో వృద్ధరాజు ఆర్కిడామసు తొందర వలదనెను. ఏథెన్సునకు నావలు, ధనము కలవు. ఈ పోరు మన బిడ్డలకు సంక్రమించునేమోయని ఆయన శంక. స్థెనెలైడాసు అను అధికారి క్లుప్తముగా మాటాడి, కేకలతో ఓటు తేలలేదని, ఇరుపక్షముల వారిని వేరువేరుగా నిలువుమనెను. ఎల్లరు చూచుచుండగా యుద్ధము వలదని నిలుచుట ఎందరికి సాధ్యము? అటు పెరిక్లీసు సైతము మెగారా నిషేధమును తొలగింప నిరాకరించెను.

446-445 నాటి ముప్పదియేండ్ల సంధిలో, వివాదములు మధ్యవర్తుల ముందుంచవలెనని నియమము కలదు. ఏథెన్సు అందుకు సిద్ధపడినది, స్పార్టా ఒప్పలేదు. పిమ్మట 425లో పైలోసు వద్ద భంగపాటు కలిగినపుడు, అది తమ తప్పునకు ఫలమని స్పార్టా వారే తలచిరట. 414లో ఏథెన్సు తానే సంధిని మీరి లాకోనియా తీరమును దోచిన పిమ్మటగాని వారి మనసు కుదుటపడలేదు. మరుసటి యేడు నిశ్చింతగా దండు వెడలిరి.