ఎనిమిది గంటల వైను

పటాన్‌చెరువు నుంచి సంగారెడ్డి వైపు బొంబాయి రోడ్డు పట్టుకుని వెళ్తుంటే, ఫ్యాక్టరీ గేట్ల తర్వాత ఎక్కువగా కంటబడే బోర్డు ‘వైన్స్’. లోపలికి తొంగిచూడండి. విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు — సమస్తమూ కొలువు తీరి వుంటాయి. వైను మాత్రం ఏ మూలనో దుమ్ము కొట్టుకున్న నాలుగు సీసాలుంటే వున్నట్టు, లేకపోతే లేదు. పేరు పెట్టుకున్నందుకైనా కాస్త మొహమాటం వుండాలి కదా అనిపిస్తుంది. అసలైన వైను, అంటే పండో పువ్వో చెట్టో ఇచ్చిన తీపి తనంతట తానే పులిసి మత్తెక్కే పానీయం, ఆ బోర్డు లేనిచోట దొరుకుతుంది. వేపచెట్టు కింద నాలుగు బల్లలు, సున్నం వేసిన గోడ, ఖాళీ సీసాల పెట్టెలు. కల్లు కాంపౌండు అంటాం.

పోలిక పెద్దదయిందంటారా? చిత్తగించండి. ఫ్రాన్సులో బోజొలే అనే ప్రాంతం వుంది. అక్కడ ద్రాక్ష కోసిన కొద్దివారాలకే కొత్త వైను దించేస్తారు. 1985 నుంచి ఏటా నవంబరు మూడో గురువారం దాన్ని విడుదల చేస్తున్నారు. విమానాలెక్కి జపాను దాకా పోతుంది. నిలవ పెడితే పాడవుతుంది గనక తొందరగా తాగెయ్యాలి. ఆస్ట్రియాలో ఇంకో ముచ్చట. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి తోటవాళ్లు తమ వైను తామే అమ్ముకోవచ్చునని ఉత్తర్వు యిచ్చాడు. కొత్త వైను వచ్చిందని చెప్పటానికి వాళ్లు గుమ్మం ముందు పచ్చని కొమ్మ వేలాడదీస్తారు. ఆ కొమ్మే వాళ్ల సైనుబోర్డు. ఫ్రెంచివాడు ఏడెనిమిది వారాల్లో వైను చేశానని పండగ చేసుకుంటుంటే, మన గౌడన్న ఏడెనిమిది గంటల్లో చేస్తాడు. పండగా లేదు, విమానమూ లేదు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు, తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకి పలుమార్లు వచ్చి, ఆ ముచ్చట్లన్నీ 1676లో అచ్చువేశాడు. గోల్కొండ జనం తాగే తాడి తమ దేశపు కొత్త వైన్లలా తియ్యగా వుంటుందని రాశాడాయన. ఐదారు కోసుల దూరం నుంచి దాన్ని తోలుతిత్తుల్లో నింపి, గుర్రానికి అటొకటి యిటొకటి కట్టి, పరుగు మీద తెచ్చేవారట. అలాంటి గుర్రాలు రోజుకి ఐదారు వందలు ఊళ్లోకి దిగేవట. ఎందుకంత పరుగు? ఆలస్యమైతే పులిసి విరిగిపోతుంది మరి. గోల్కొండకి ఐదారు కోసులంటే లింగంపల్లి దాటి పటాన్‌చెరువు పొలిమేర దాకా లెక్కకి రావచ్చు. ఆ గుర్రాల్లో కొన్నయినా ఈ రోడ్డున పరిగెత్తి వుంటాయని నమ్మటానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఆ తాడి మీద సుల్తానుకి మంచి రాబడి వుండేదని కూడా ఆయనే రాశాడు. వర్తకుడు కదా, లెక్క మరిచిపోలేదు.

రాబడి సంగతి ఇంకా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడని ఒక ఉద్యోగి వున్నాడు. పానశాలల్లో చాలా గదులుండాలి, పడకలూ ఆసనాలూ వుండాలి, గంధమూ పూలదండలూ నీళ్లూ వుండాలి, ఏ ఋతువుకి తగ్గట్టు ఆ ఋతువులో సుఖంగా వుండాలి — ఇదంతా అతని బాధ్యత. మన కాంపౌండు బల్లల మీద కూచున్నవాళ్లు ఈ జాబితా చదివితే ఏమనుకుంటారో! అందులోనే ద్రాక్షరసంతో చేసిన దాన్ని ‘మధు’ అన్నారు. అది పుట్టిన దేశాన్నిబట్టి కాపిశాయనమనీ హారహూరకమనీ పేర్లు. ఊరి పేరుతో వైను అమ్మటం ఫ్రెంచివాళ్లు కనిపెట్టిందేమీ కాదన్నమాట. బియ్యంతో చేసిన మద్యానికి అక్కడున్న పేరు ‘మేదకం’. 2016లో విడి జిల్లా అయ్యేదాకా సంగారెడ్డి వున్న జిల్లా పేరు మెదక్. మెతుకు నుంచి ఆ పేరు వచ్చిందంటారు. రెండింట్లోనూ బియ్యమే వుంది గాని చుట్టరికమేమీ లేదు, కంగారుపడకండి.

నిజాం రాజ్యంలో భూమి శిస్తు తర్వాత పెద్ద రాబడి ఆబ్కారీదే. హైదరాబాదు నారాయణగూడ బట్టీలో ఇప్పపువ్వు సారా దించేవారు. ఈతకల్లు సేంది, తాటికల్లు తాడి. ఆ ఉర్దూ మాటలు దుకాణాల మీద చాలాకాలం నిలిచాయి. చెట్టు సర్కారుది, గుత్త దొరది, ప్రాణం మాత్రం గీసేవాడిది. అందుకే తర్వాత బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు గీత పనివాళ్లని కూడగట్టినప్పుడు, గీసేవాడిదే చెట్టు అన్న మాట అంత సూటిగా తగిలింది.

ఇక సీజన్ల ముచ్చట. తెలియనివాడికి కల్లంతా ఒకటే. తెలిసినవాడు బల్ల మీద కూచోకముందే అడుగుతాడు: “ఏం గౌడన్నా, ఇయ్యాల ఏ చెట్టుది?” చలి మొదలైతే ఈత. మొవ్వు కింద మట్టలు కోసి, చెట్టు మెడ చెక్కి, చిన్న పుల్ల దిగ్గొట్టి కుండ కడతారు. రాత్రంతా చలిలో కారిన ఈతకల్లు పొద్దున్నే తియ్యగా, పల్చగా వుంటుంది. చలి వెనక్కి తగ్గి ఎండలు ముదిరేటప్పటికి తాటిచెట్ల వంతు. తాడిలో ఆడా మగా వేరు. పోతుతాడు కాయ కాయదు, పొడుగాటి గెలలు వేస్తుంది, వాటి కొసలు గీస్తారు. పండుతాడు కాయలు కాసే ఆడచెట్టు, దాని గెలల్ని గీస్తే ఆ కల్లు చిక్కన. పోతుతాటిదే అసలు కల్లనేవాళ్లు కొందరు, పండుతాటి ముందు మరేదీ పనికిరాదనేవాళ్లు కొందరు. ఈ తగువు బోర్డో, బర్గండీ తగువుకంటే ఏమీ తక్కువది కాదు.

కుండలో పులియటం చెట్టు మీదే మొదలవుతుంది. ఎవరూ ఏదీ కలపరు. గాలిలోనూ పాతకుండ పగుళ్లలోనూ వున్న ఈస్టే ఆ పని చేస్తుంది. దించినప్పుడు తీపి, మధ్యాహ్నానికి తీపీ పులుపూ సగంసగం, సాయంత్రానికి ఘాటు. నూటికి నాలుగైదు పాళ్ల మత్తు, అంటే బీరంత. మర్నాటికి పులుపెక్కి వెనిగరు దారి పడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియటం ఆగిపోతుంది. అది నీరా, చిన్నపిల్లలకీ పనికొస్తుంది. ఇంత చేసేవాడు మోకు నడుముకి చుట్టి, ముస్తాదులో కత్తులు పెట్టుకుని, రోజుకి రెండు మూడు పూటలు ప్రతి చెట్టూ ఎక్కాలి. జారితే అంతే. గీతకాళ్లకి రక్షణ తాళ్లు, పట్టీలు యిచ్చే పథకం తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టి దానికి కాటమయ్య పేరు పెట్టింది. కాటమయ్య వాళ్ల కులదైవం. అన్ని తరాలూ ఆ దేవుడొక్కడి మీదే భారం వేసి ఎక్కాయంటే ఆలోచించండి.

ఇంతవరకూ చెప్పింది చెట్టు కల్లు సంగతి. ఫ్యాక్టరీల దారిలో వున్నదంతా అదే అని నేను చెప్పలేను.

రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960లలో వచ్చింది. 1972లో పటాన్‌చెరువులో ఇక్రిశాట్. ఆ తర్వాత పారిశ్రామిక వాడలు, వాటిలో మందుల ఫ్యాక్టరీలు. పల్లెల నుంచీ పరాయి రాష్ట్రాల నుంచీ జనం వచ్చారు. షిఫ్టు దిగినవాడికి ఒళ్లునొప్పులు తగ్గాలి, జేబులో వున్నది తక్కువ. తాగేవాళ్లు పెరిగారు, చెట్లు మాత్రం ప్లాట్లకి దారి యిచ్చి తగ్గాయి. నాలుగు చెట్ల కల్లు నలభై చెట్ల కల్లు ఎలా అవుతుంది? నీళ్లు పోస్తే అవుతుంది. నీళ్లకి తీపి రావాలంటే శాకరిను. మత్తు రావాలంటే క్లోరల్ హైడ్రేటు. జర్మనీలో లీబిగ్ అనే రసాయనికుడు 1832లో తయారుచేసిన పదార్థమది. 1869 నుంచి డాక్టర్లు దాన్ని నిద్రమందుగా వాడారు. దాని వెనక డయజెపాం, ఆ వెనక అల్ప్రాజోలం. ఇవన్నీ రోగికి చీటీ మీద రాసిచ్చే మందులు. ఎంత పడిందో తెలియకుండా సీసాలో కలిపితే మందు కాదు. అల్ప్రాజోలం దొంగచాటుగా తయారుచేసే తావుల్ని పోలీసులు ఈ సంగారెడ్డి జిల్లాలోనే పట్టుకున్నారు. రోడ్డుకి ఒక పక్క మందు, ఇంకో పక్క దుకాణం. మధ్య దూరం అంత తక్కువ.

ఇందులో దారుణం ఏమిటంటే, అలవాటుపడ్డవాడు మానలేడు. చెట్టు కల్లు నాలుగురోజులు దొరక్కపోతే మనిషి విసుక్కుంటాడు, అంతే. ఈ కల్లు ఒక్కసారి ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పోతుంది, మతి చెదురుతుంది, మూర్ఛలొస్తాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో జనం అలాగే అల్లాడారు. 2020 లాక్‌డౌనులో దుకాణాలు మూతబడితే ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు బారులు తీరారు. ఇంట్లో వాళ్లు వాళ్లని చూసి పిచ్చి పట్టిందనుకున్నారు. పిచ్చి కాదు, ఆగిపోయిన బిళ్ల.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనలేం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం పుణ్యాన 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. రెండుసార్లూ కల్లుని వదిలేశారు. 2004లో హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. తెరవటమూ మూయటమూ సులువే. సీసాలో ఏముందో రోజూ చూడటమే కష్టం. ఆ పని చాలినంత జరగటం లేదని నా అభిప్రాయం. 2025 జూలైలో ఇదే బొంబాయి రోడ్డు మీది కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్లు రోజుకూలీలు, ముసలివాళ్లు. చౌకగా దొరుకుతుందని తాగారు.

అందుకే అసలు కల్లు కావాలనేవాళ్లు ఇప్పుడు కాంపౌండుకి పోరు. సంగారెడ్డి దాటి పల్లె దారి పట్టి, చెట్టు కిందికే వెళ్లి నిలబడతారు. లొట్టి దిగటం కళ్లారా చూసి, తాటాకు రేకలో పోయించుకుంటారు. కార్లలో వచ్చేవాళ్లకి అది సాధ్యం. షిఫ్టు దిగి నడిచివచ్చేవాడికి గేటు ఎదురుగా వున్నదే దుకాణం.

2015 నుంచి హరితహారంలో చెరువుగట్ల మీదా కాలవల వెంటా ఈత మొక్కలూ తాటి మొక్కలూ నాటించారు. ఈత గీతకి రావాలంటే ఐదారేళ్లు కావాలి. తాటికి పదిహేనేళ్లు చాలకపోవచ్చు.