పంట బండికి పర్మిట్ అక్కర్లేదా? మినహాయింపు ఎంతవరకు? రూల్స్ ఇవీ..

వరి కోతలైపోయాక సిటీ దాటి వెళ్తే రోడ్డు మీద కదిలే గడ్డివాములు కనిపిస్తాయి. కింద ట్రాక్టర్ ఉందో, లారీ ఉందో దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. వెనక లైట్లు గడ్డి చాటున పోతాయి. 'రైతు బండి కదా, మినహాయింపు ఉంటుందిలే' అని మీరు అనుకునే ఉంటారు. మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది పర్మిట్ వరకే. లోడు సైజుకు, బరువుకు వర్తించదు.

పర్మిట్ ఎవరికి అక్కర్లేదు?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 66 ప్రకారం రవాణా వాహనానికి పర్మిట్ ఉండాలి. లోడుతో కలిపి 3,000 కిలోలు మించని చిన్న గూడ్స్ బండ్లకు ఇదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఇక వ్యవసాయ ట్రాక్టర్‌ను కేంద్ర నిబంధనలు రవాణా వాహనాల జాబితాలో చేర్చలేదు. అందుకే సొంత పొలం పనులకు వాడే ట్రాక్టర్‌కు పర్మిట్ అడగరు. అదే ట్రాక్టర్‌తో కిరాయికి ఇసుక, ఇటుకలు తోలితే ఈ వెసులుబాటు ఉండదు. పంటను కిరాయి లారీలో ఎక్కిస్తే ఆ లారీకి గూడ్స్ పర్మిట్ ఉండాల్సిందే.

లోడు ఎక్కువైతే ఫైన్ ఎంత?

* బరువు: ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటితే సెక్షన్ 194 కింద రూ.20,000. ఎక్కువైన ప్రతి టన్నుకు మరో రూ.2,000.
* సైజు: లోడు పక్కలకు, ముందుకు, వెనక్కి పొడుచుకొచ్చినా, ఎత్తు పరిమితి దాటినా రూ.20,000. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194(1ఏ) ఇది. అదనపు లోడు దించేదాకా బండిని కదలనివ్వరు. దించే ఖర్చు కూడా వారిదే.
* బండి ఆపకపోయినా, తూకానికి ఒప్పుకోకపోయినా రూ.40,000.

ఇవి చట్టంలో ఉన్న మొత్తాలు. కోర్టుకు వెళ్లకుండా కట్టే కాంపౌండింగ్ ఫీజును రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి చలానాలో అంకె మారొచ్చు. గడ్డి, పత్తి తేలిక సరుకులు. బరువు పరిమితికి చేరకముందే సైజు హద్దు దాటేస్తాయి. అసలు చిక్కు అక్కడే.

స్పెషల్ పర్మిషన్ దొరకదా?

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, గాలిమర రెక్కల వంటి వాటికి దొరుకుతుంది. వాటిని ముక్కలు చేసి తరలించలేం కదా! గడ్డినైతే రెండు ట్రిప్పుల్లో వేయొచ్చు. అందుకే పంట లోడు ఆ కోవలోకి రాదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పద్ధతి వేరు. కోతల సీజన్‌లో మొక్కజొన్న, సోయాబీన్, గడ్డి లారీలు 90,000 పౌండ్ల వరకు, అంటే దాదాపు 40.8 టన్నుల దాకా, పర్మిట్ లేకుండా వెళ్లేలా గవర్నర్ ఉత్తర్వు ఇస్తుంటారు. అయితే ఇంటర్‌స్టేట్ హైవేలపై అది చెల్లదు. వంతెనల దగ్గర రాసిన బరువు పరిమితులూ పాటించాల్సిందే.

మీరేం చేయాలి?

ఊళ్లో మీ పంటకు ఫోన్‌లోనే లారీ మాట్లాడుతున్నారా? ముందు ఆర్‌సీ ఫొటో తెప్పించుకుని పర్మిట్, మొత్తం బరువు చూసుకోండి. 'ఇంకొంచెం వేసేయ్' అని మాత్రం అనకండి. ఓవర్‌లోడ్ బండిని నడిపిన డ్రైవరే కాదు, నడిపించిన వారూ చట్టం ముందు బాధ్యులే. లోడు ఎత్తు మరీ పెరిగితే కరెంటు తీగలు తగిలి గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది. దారిలో తీగలు కిందికి వేలాడుతుంటే 1912కు చెప్పండి.

మీరు కారులోనో, బైక్ మీదో ఉంటే అలాంటి బండికి దగ్గరగా వెళ్లొద్దు. ఎదురుగా వచ్చేది స్పష్టంగా కనిపిస్తేనే ఓవర్‌టేక్ చేయండి. రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న బండి కనిపిస్తే, జాతీయ రహదారి అయితే 1033కు, మరెక్కడైనా 112కు కాల్ చేయండి. మీ వెనక వచ్చేవారికి ఆ బండి కనిపించకపోవచ్చు.