మూడు క్యాసెట్ల రాత్రి

వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్టుకు ఈ ఏడాదితో 50 ఏళ్లు నిండుతున్నాయి. జేవీసీ కంపెనీ ఆ క్యాసెట్టును ఆడించే యంత్రాన్ని 1976లో జపాన్ మార్కెట్లోకి తెచ్చింది. జపాన్‌వాళ్లు పండుగ చేసుకుంటారో లేదో గానీ, ఉమ్మడి కరీంనగర్ జిల్లావాళ్లు మాత్రం చేసుకోవాలి. ఇంట్లో కూసొని ఇష్టమైన సినిమా చూసే సుఖం మన వాకిళ్లకు చాలావరకు దుబాయ్ మీదుగానే వచ్చింది మరి.

రాత్రిపూట తెర ముందు కూసునుడు మనకు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే తెరమీది బొమ్మలాట ఊసెత్తాడు. అక్కడి నుంచి ఆరేడు వందల ఏండ్లు ఒక్క దుంకు దుంకుదాం. ఆ నడిమిట్ల చిందు భాగవతులు, ఒగ్గువాళ్లు, చేర్యాల పటం విప్పి కథ చెప్పే కాకిపడగలవాళ్లు ఊళ్ల రాత్రుళ్లను ఏలారు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాటలొచ్చాయి. 1957లో ‘మాయాబజార్’లో శశిరేఖ పెట్టె మూత తీసి అభిమన్యుణ్ని చూసుకుంది. ఆ ప్రియదర్శిని పెట్టెను చూసిన ఆడపిల్లల్లో అలాంటి పెట్టె మనింట్లో ఉంటే బాగుండునని అనుకోనివాళ్లు ఉంటారా? 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. పెట్టె వచ్చింది గానీ, అందులో మనకు నచ్చింది కాదు, వాళ్లు వేసింది చూడాలి.

అసలు ముచ్చట ఎనభైల్లో మొదలైంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవు మీద వస్తూ టేప్‌రికార్డర్, రంగుల దుప్పటి, వీసీఆర్ పట్టుకొచ్చేవారు. కొన్ని ఇళ్లల్లోకి చేరితే, కొన్ని కిరాయి దుకాణాల్లోకి చేరాయి. జమ్మికుంటలాంటి ఊళ్లో, పత్తి బండ్లతో మార్కెట్ నిండిపోయే కాలంలో, చేతిలో నాలుగు పైసలు ఆడితే వాడంతా కలిసి చందాలేసుకొని ‘డెక్కు’, అంటే వీసీఆర్, కిరాయికి తెప్పించేది. టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు. పొద్దు మునిగినంక తేవాలి, తెల్లారేసరికి ఇచ్చేయాలి. కిరాయి గిట్టాలంటే కన్ను మూయొద్దు!

మూడింటి వరుస పెట్టడంలోనే ఉంది అసలు తెలివి. మొదటిది ముసలోళ్లకు, పిల్లలకు, ఏదన్నా పౌరాణికం. రెండోది పడుచోళ్ల కోసం, ‘ఖైదీ’లాంటిది. మూడోది ఎవరు చూశారో ఆ దేవుడికే తెలుసు. పౌరాణికాలతో ఒక చిక్కు ఉండేది. క్యాసెట్టు నిడివి 180 నిమిషాలు. మూడున్నర గంటల ‘లవకుశ’, నాలుగు గంటలకు దగ్గరపడే ‘దానవీరశూర కర్ణ’ అందులో ఇమడవు. రెండో క్యాసెట్టు తేవాలి, లేదంటే కోత పడిన కర్ణుణ్నే చూడాలి. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియో మీద సెన్సారు సర్టిఫికెట్ ప్రతి, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలన్నారు. కిరాయి డబ్బా మీద మాత్రం బాల్‌పెన్నుతో రాసిన సినిమా పేరొక్కటే ఉండేది.

టీవీని గద్దె మీద పెట్టేవారు. వాకిట్లో ముందు చాపలు, వెనక మంచాలు. గంపలో ఉడికించిన గుడాలు, పక్కన సర్వపిండి.

‘‘ఓ అత్తా, జర పక్కకు జరుగు. కనవడ్తలేదు.’’

‘‘నేను జరిగితే నాకు కనవడదు బిడ్డా. నువ్వే లేసి నిలవడు.’’

అంతలో బొమ్మ మీద గీతలు పడేవి. డెక్కు లోపలి డ్రమ్ము నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. దానికున్న హెడ్డుకు రవ్వంత దుమ్ము అంటినా తెరనిండా చుక్కలే. దుకాణం పిలగాడు మూత విప్పి, తెల్ల కాయితంతో మెల్లగా తుడిచేవాడు. ఆ కాసేపు వాడే డాక్టరు, వాడే దేవుడు. కరెంటు పోతే ఇంక చెప్పేదేముంది, పోయిన గంట కిరాయిలో తగ్గదు. రెండు సినిమాల నడుమ ఇంటాయన తన పెండ్లి క్యాసెట్టు పెట్టేవాడు. వాకిలి ఆయనది కాబట్టి వద్దనడానికి లేదు. ‘‘అగో, నేనే!’’ అని ఎవరో ఒకరు కేక పెట్టేవారు. సినిమాల కన్నా దానికే ఎక్కువ సందడి.

ఇక్కడి నుంచి వరుస చెదిరిపోతుంది. 1995లో ఈటీవీ, జెమినీ ఒకే ఏడాది వచ్చాయి. కేబులోడు సందుసందుకూ తీగ లాగాడు. తర్వాత సీడీలు, డిష్షులు. 2016లో జియో నెట్టు, 2020లో ఆహా ఓటీటీ. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు అర్రల్లో నాలుగు సినిమాలు చూస్తున్నారు. వేలకొద్దీ సినిమాలుండి, ఏది చూడాలో తేల్చుకునేసరికి నిద్ర ముంచుకొస్తోంది. సౌకర్యం పెరిగిందంటే ఒప్పుకుంటాను, సినిమా రాత్రి బాగుపడిందంటే మాత్రం ఒప్పుకోను. తెల్లారితే డెక్కు పోతుందన్న గుబులే ఆ రాత్రిని అంత నిండుగా నిలబెట్టింది.

చివరగా ఒక మాట. చిట్టచివరి వీసీఆర్ తయారీదారు ఫునాయ్ కూడా 2016లోనే చేతులెత్తేసింది. ఉన్న యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. మీ అటక మీద పెండ్లి క్యాసెట్టు ఏదన్నా ఉంటే, టేపుకు బూజు పట్టకముందే దించి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి, అది మాత్రం మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.