తల్లి గర్భం మీద రాసిన చట్టం

1619 ఆగస్టులో అంగోలా నుంచి చెరపట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను 'వైట్ లయన్' ఓడ ఉత్తర అమెరికాలోని ఇంగ్లండు వలస రాజ్యం వర్జీనియా తీరంలో దించింది. అదే వలస రాజ్యంలో తొలి ప్రతినిధుల సభ కొలువుదీరి అప్పటికి నెల కూడా కాలేదు. కానీ బానిస అంటే ఎవరో చెప్పే చట్టం అక్కడ ఇంకా లేదు. పొగాకు తోటల్లో ఎక్కువగా చెమటోడ్చింది ఓడ ఖర్చుకు బదులు కొన్నేళ్ల చాకిరీకి ఒప్పుకుని వచ్చిన ఇంగ్లండు పేదలే. ఆఫ్రికన్లలోనూ కొందరు విడుదలై భూమి సంపాదించారు. వారిలో ఒకడైన ఆంథొనీ జాన్సన్‌కు 1651లో 250 ఎకరాలు దక్కాయి.

అయితే, వివక్షకు కోర్టు అంతకు ముందే దారి తీసింది. 1640లో ముగ్గురు పనివాళ్లు పారిపోయి పట్టుబడ్డారు. ఇద్దరు ఐరోపావాళ్లకు చాకిరీ నాలుగేళ్లు పొడిగించారు. నల్లవాడైన జాన్ పంచ్‌కు మాత్రం యావజ్జీవ చాకిరీ విధించారు.

అసలు మలుపు, ఆఫ్రికన్ తల్లికి పుట్టిన ఎలిజబెత్ కీ తన స్వేచ్ఛ కోసం వేసిన వ్యాజ్యంతో వచ్చింది. తండ్రి ఆంగ్లేయుడు, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలు. ఆ వాదనల మీద 1656లో ఆమె స్వేచ్ఛ గెలుచుకుంది. తోటల యజమానులకు ప్రమాదం అర్థమైంది. అప్పటి ఇంగ్లండులో బిడ్డకు తండ్రి హోదా వచ్చేది. వర్జీనియా సభ 1662లో దాన్ని తలకిందులు చేసి, తల్లి బానిసైతే బిడ్డా బానిసేనంది. తన వల్ల బానిస స్త్రీకి పుట్టిన బిడ్డను కూడా యజమాని ఆస్తిగా లెక్కగట్టుకోవచ్చన్నమాట. ఆ వలస రాజ్యం చేసిన చట్టాలన్నిటిలోకీ క్రూరమైనది ఇదేనని నా నమ్మకం. 1667లో బాప్తిస్మం దారినీ మూసేశారు.

దీనికి తత్వశాస్త్రంలో ఆధారం ఉందా? న్యాయమైన యుద్ధంలో ఓడిన దురాక్రమణదారు ప్రాణహక్కు కోల్పోతాడనీ, అతన్ని చంపకుండా బానిసగా ఉంచుకోవచ్చనీ ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ వాదించాడు. కానీ తండ్రి చేసిన తప్పుకు బిడ్డలు స్వేచ్ఛ కోల్పోరని కూడా ఆయనే రాశాడు. అంటే 1662 చట్టం ఆయన తర్కం ముందే నిలవదు. మరి అదే లాక్ మరో వలస రాజ్యమైన కరోలినా అధిపతులకు కార్యదర్శిగా పనిచేశాడు. ఆ కాలంలోనే, 1669లో, తయారైన కరోలినా రాజ్యాంగం నల్ల బానిసపై యజమానికి సంపూర్ణాధికారం ఇచ్చింది. అందులో ఆయన చేయి ఎంత ఉందన్నది పండితులు ఇంకా తేల్చలేదు. బానిసలను అమ్మే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయన వాటాలు కొన్న సంగతి మాత్రం వివాదం లేనిది. సిద్ధాంతం తెలిసినవాడు కాబట్టే ఆయన బాధ్యత పెద్దది.

మళ్లీ వర్జీనియాకు వస్తే, 1676లో బేకన్ నాయకత్వాన తిరగబడినవాళ్లు దాని రాజధాని జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. తెల్ల చాకిరీవాళ్లూ నల్ల బానిసలూ కలిసి ఆయుధం పట్టడం యజమానులను బెదరగొట్టింది. పైగా ఇంగ్లండు నుంచి కూలీల రాక తగ్గుతూ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో తోటలు ఆఫ్రికన్లతో నిండాయి. 1705 నాటికి బానిసత్వంపై ఉన్న విడివిడి శాసనాలను ఒకే స్మృతిగా కూర్చారు.

అప్పట్లో అందరూ అలాగే ఆలోచించారనే సమర్థనను నేను ఒప్పుకోను. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు వలసదారులు మనుషులను కొనడం, అమ్మడం తప్పని సంతకాలు చేసి క్వేకర్ క్రైస్తవుల సభకు అర్జీ పెట్టారు. తమనే అలా పట్టుకుపోతే ఒప్పుకుంటామా అని నిలదీశారు. స్థానిక సభ అది తన స్థాయికి మించిన విషయమంటూ పై సభకు పంపింది. చివరికి అన్నిటికంటే పై సభ కూడా నిర్ణయం చెప్పకుండానే దాన్ని పక్కన పెట్టేసింది.